ఫోను పెట్టేయని వంశం

రాజ్యాలు ఎలా కూలాయో రాసినవాళ్ళు కొల్లలుగా ఉన్నారు. ఫోను సంభాషణలు ఎలా ముగిశాయో రాసినవాళ్ళు మాత్రం ఎక్కడా కనపడరు. ఈ లోటు వల్ల ప్రపంచానికి పెద్దగా నష్టం జరగలేదేమో గానీ, మా చిన్నత్తకి ఉద్యోగం ఊడినంత పనైంది. కాబట్టి ముందు చరిత్ర చెప్పుకోక తప్పదు.

మా తాతగారి కాలాన్ని ట్రంకాల్ యుగం అనవచ్చు. ఆ యుగంలో సంభాషణకి ముగింపు పలికే అధికారం ఎక్స్ఛేంజిలో కూర్చున్న ఒకావిడ చేతిలో ఉండేది. తాతగారు కుశలప్రశ్నలు పూర్తిచేసి, గొంతు సవరించుకుని, అసలు విషయంలోకి దిగబోతుండగా ఆవిడ "టైమైపోయిందండీ" అనేది. లైను తెగేది. అసలు విషయం తాతగారి కడుపులోనే ఉండిపోయేది. తర్వాత వచ్చింది నాణేల యుగం. వీధి చివర డబ్బా ఫోను కుయ్‌మని మోగి, మాట్లాడుతున్నవాళ్ళ నోరు నొక్కేసేది. ఆ తర్వాతది రీచార్జి యుగం. బాలెన్సు లేదని ఎవరో అమ్మాయి తేనెలొలికే గొంతుతో చెప్పి, నిర్దాక్షిణ్యంగా మాట కోసేసేది.

ఇన్ని యుగాలు గడిచినా మా ఇంటివాళ్ళు తమలో తాము మాట్లాడుకున్న ఒక్క సంభాషణనీ తమ చేత్తో ముగించలేదు. ఆ అవసరమే రాలేదు. ముగించే పని ఎప్పుడూ పైవాళ్ళదే. దాంతో ఫోను పెట్టేసే విద్య మా వంశంలో పూర్తిగా అంతరించిపోయింది. అది అంతరించిన సంగతి కూడా ఎవరికీ తెలియలేదు.

సరిగ్గా అప్పుడు ఇంటర్నెట్ కాల్స్ వచ్చాయి. ఎంతసేపైనా, ఎక్కడికైనా, బొమ్మతో సహా, ఉచితం! లోకమంతా ఎగిరి గంతేసింది. మా వాళ్ళు కూడా గంతేశారు గానీ, కిందికి ఎలా దిగాలో వాళ్ళకి తెలియలేదు.

చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ ఫోను పెట్టేస్తే అది మొహం మీద తలుపు వేసినట్టు. పెద్దవాళ్ళే పెట్టేస్తే చిన్నవాళ్ళని గుమ్మంలోంచి గెంటేసినట్టు. ఇది మా ఇంటి రాజ్యాంగం. అందువల్ల ఇద్దరూ "సరే మరి" అంటారు. కాసేపాగి "ఉంటా మరి" అంటారు. ఎవరూ ఎక్కడికీ వెళ్ళరు. ఆ నిశ్శబ్దం భరించలేక ఎవరో ఒకరు "ఆఁ, ఇంకేంటి?" అంటారు. అంతే, సంభాషణ మళ్ళీ పురిట్లోంచి మొదలవుతుంది.

మా చిన్నత్త పళ్ళ సెట్లు చేసే లాబ్‌లో పనిచేస్తుంది. పళ్ళ డాక్టర్లు నోటి అచ్చులు పంపిస్తారు. వాటిలో ప్లాస్టర్ పోసి, గట్టిపడ్డాక దానిమీద మైనంతో చిగుళ్ళు కట్టి, ఆ మైనంలో ఒక్కో పన్నూ నిలబెట్టాలి. చిన్నత్త చాలా ఏళ్ళు ప్లాస్టర్ గదిలో ఉంది. ఆ గదికి కిటికీ లేదు. ప్లాస్టర్‌లో గాలి బుడగలు పోవడానికి గడగడా వణికే యంత్రం ఒకటి ఉంది. సాయంత్రం ఇంటికొచ్చాక కూడా ఆవిడ చేతిలో టీ కప్పు కాసేపు దానంతటదే వణుకుతూ ఉండేది. ప్లాస్టర్ పొడితో జుట్టు ఎప్పుడూ తెల్లగానే ఉండేది కాబట్టి అది నిజంగా ఎప్పుడు నెరిసిందో మాలో ఎవరికీ తెలియదు.

ఆ గదిలోంచి బయటపడి, పళ్ళు నిలబెట్టే బల్ల దగ్గరికి చేరడం ఆవిడ జీవితాశయం. అది పెద్ద కిటికీ పక్కనుండే బల్ల. పంటి రంగు పగటి వెలుతురులోనే సరిగ్గా తెలుస్తుంది కనుక లాబ్ మొత్తానికి మంచి గాలి, మంచి వెలుతురు ఆ బల్లకే. పాత టెక్నీషియన్ వేరే లాబ్‌కి వెళ్ళిపోవడంతో ఓనరమ్మ ఆ కుర్చీ చిన్నత్తకిచ్చింది. అయితే ఒక మెలిక పెట్టింది.

"కొన్నాళ్ళు చూస్తాను. పని నచ్చితే బల్ల నీది. లేకపోతే నీ ప్లాస్టరు నీకుంది."

ఇక మా పెద్దత్త. చిన్నత్తకి స్వంత అక్క, మా నాన్నకీ బాబాయికీ కూడా అక్క, అందరికంటే పెద్దది. రిటైరైన డ్రిల్లు టీచరు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఒక్క ఈలతో మైదానం నిండా పిల్లల్ని కుడికీ ఎడమకీ తిప్పిన మనిషి. రిటైరయ్యాక తిప్పడానికి ఎవరూ మిగల్లేదు. మధ్యాహ్నం భోజనం కాగానే వీడియో కాల్ చేసి చెల్లెల్ని తిప్పేది.

"మొహం చూపించు. పక్కకి తిరుగు. చిక్కిపోయావే! ఏం తిన్నావ్?"

మైనంలో పన్ను నిలబెట్టేటప్పుడు ఊపిరి కూడా ఆచితూచి పీల్చాలి. పక్కన స్పిరిట్ దీపం వెలుగుతూ ఉంటుంది. దానిమీద చిన్న గరిట వేడిచేసి, మైనం కరిగించి, పన్ను దించి, అది గట్టిపడేదాకా వేలు కదపకూడదు. పెద్దత్తకి మాత్రం ప్రతి వాక్యానికీ ఒక "ఊఁ" కావాలి. "ఊఁ" రాకపోతే వాక్యాన్ని మొదటినుంచీ చెబుతుంది.

ఫోను ఎత్తకపోతే సరిపోతుందిగా అని మీరనవచ్చు. ఒకసారి చిన్నత్త ఆ సాహసమూ చేసింది. పెద్దత్త వెంటనే మా నాన్నకి చేసింది, నాన్న బాబాయికి చేశాడు, బాబాయి ఎవరికి చేశాడో ఇప్పటికీ తేలలేదు. కాసేపటికి బంధువర్గం యావత్తూ లాబ్ మెట్ల మీద ఉంది. ఓనరమ్మ హడలిపోయి బయటికొచ్చి, "ఎవరు పోయారండీ?" అంది.

అలా కాల్ నడుస్తుండగానే ఒక రోజు మైనం దీపానికి దగ్గరైంది. ఒక పెద్దమనిషి పైవరస ముందు పళ్ళన్నీ మెల్లగా ఎడమవైపు నడిచి వెళ్ళిపోయాయి. సరిచూసుకోవడానికి ఆయన వాటిని నోట్లో పెట్టుకుని నవ్వితే, ఆ నవ్వు ఎదుటివాళ్ళకి కాక పక్కింటివాళ్ళకి చెందినట్టుగా ఉంది. ఓనరమ్మ ఆ మైనాన్ని తెచ్చి చిన్నత్త బల్లమీద పెట్టింది.

"ఇది నవ్వా, వెక్కిరింపా?"

"నవ్వేనండీ. కాస్త పక్కకి..."

"ఇంకొక్కటి ఇలా వచ్చిందా, ప్లాస్టర్ గది తలుపు తీసే ఉంది."

చిన్నత్త గుండె జారి చెప్పుల్లోకి వచ్చింది. పక్క బల్లమీద సెట్లకి మెరుగుపెట్టే ఆవిడని అందరూ పాలిష్ అక్క అంటారు. చక్రం తిప్పడం ఆపి ఆవిడ సలహా ఇచ్చింది.

"ఓ పని చెయ్. రెండు ముక్కలు మాట్లాడి పెట్టెయ్."

"ఎవర్ని?"

"ఎవర్నేంటి? ఫోన్ని!"

"మా అక్క మాట్లాడుతుండగానా?"

"ఆవిడ ఆపాక."

"ఆపదుగా!"

పాలిష్ అక్క చక్రం మళ్ళీ తిప్పింది. కొన్ని సమస్యలకి శబ్దమే సమాధానం.

చిన్నత్త మాత్రం ఊరుకోలేదు. ఈ వంశాన్ని ఇన్నాళ్ళూ కాపాడింది తెగే ఫోనేనని ఆవిడకి ఒక్కసారిగా జ్ఞానోదయమైంది. ఇంటికి వెళ్ళే దారిలో మొబైల్ షాపుకి వెళ్ళింది. కౌంటరు వెనకున్నాయన ఉత్సాహంగా లేచాడు.

"వీడియో కాల్స్‌కి ఏది మంచిది బాబూ?"

"గొడుగు బొమ్మ యాప్ వాడండమ్మా. చచ్చినా తెగదు."

"అదే ఉంది నా ఖర్మకి. తెగేది చెప్పు."

"తెగనిదా?"

"తెగేది."

ఆయన చెవి శుభ్రం చేసుకున్నాడు. "అంటే, అస్తమానం తెగాలా అమ్మా?"

"అస్తమానం వద్దు. బాగోగులు అయ్యాక తెగాలి. ఒంట్లో బాగోలేదని చెబుతుంటే తెగకూడదు, పాపం. తెగినప్పుడు నేను తెంపినట్టు ఉండకూడదు."

ఆయన చేతిలోని ఫోను కౌంటరు మీద పెట్టేశాడు. "అమ్మా, మీకు కావాల్సింది యాప్ కాదు. పక్కన ఒక మనిషిని పెట్టుకోండి."

లోకంలో జనం ఈ సర్వీసులని పోల్చేటప్పుడు గొంతు స్పష్టంగా ఉందా, బొమ్మ తేటగా ఉందా, డేటా ఎంత తింటోంది అని చూస్తారు. చిన్నత్త వీటన్నిటినీ తలకిందులు చేసి చూసింది. ఆవిడ లెక్కలో గొడుగు బొమ్మది అట్టడుగున నిలిచింది. అందులో గొంతు ఎంత స్పష్టమంటే, పెద్దత్త మాట్లాడుతూ వేళ్ళు విరుచుకుంటే ఏ వేలో చెప్పొచ్చు. లిఫ్టులో తెగదు, నేలమాళిగలో తెగదు. ఒకసారి ఆశగా స్టోరు గదిలో ఇనప బీరువా వెనక్కి వెళ్ళి నిలబడితే, "అదేంటే, చీకట్లో ఉన్నావ్, కరెంటు పోయిందా?" అని ఇంకో కొత్త విషయం మొదలైంది.

అప్పుడు జనం రాసిన అభిప్రాయాలు చదవడం మొదలుపెట్టింది. చదివి చదివి, అందరూ ముక్తకంఠంతో తిట్టిన దాన్ని పట్టుకుంది. పిట్ట బొమ్మది. "మాట మధ్యలో పోతుంది, దరిద్రం" అని ఒకరు రాశారు. చిన్నత్త కళ్ళు చెమర్చాయి. "ముఖ్యమైన విషయం చెబుతుంటే కట్ అయింది, జన్మలో వాడను" అని ఇంకొకరు. ఇది ఆ మహానుభావుడికి శాపంగానూ ఆవిడకి వరంగానూ తోచింది. వెంటనే ఫోన్లోకి దించుకుని, అక్క చేత కూడా దించించింది.

మర్నాడు మధ్యాహ్నం పిట్ట కూసింది. చిన్నత్త దీపం వెలిగించి, తెగడం కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. కాల్ తెగలేదు. బొమ్మ ఆగిపోయింది. పెద్దత్త ఏదో అక్షరం మీద నోరు బార్లా తెరిచి, తెర నిండా అలాగే నిలిచిపోయింది. పైవరసా కిందవరసా దవడ చివరిదాకా కనిపిస్తున్నాయి. మామూలు మనుషులైతే కళ్ళు తిప్పుకునేవాళ్ళు. పళ్ళు చేసే మనిషి ఎలా తిప్పుకుంటుంది? ఫోను దగ్గరికి తీసుకుని, వేళ్ళతో పెద్దది చేసి చూసింది.

"అక్కా! కుడిపక్క పైదవడ పంటికి ఆ పగులేంటి?"

గొంతు మాత్రం నిక్షేపంగా వస్తోంది. "పగులా? ఎక్కడ?"

"వెనకనుంచి రెండోది. చల్లటి నీళ్ళు తాగితే జివ్వుమంటోందా?"

"అంటోందే! నీకెలా తెలుసు?"

ఆ రోజు సంభాషణ వంశ చరిత్రలోకెల్లా పొడవైనది. దాన్ని సాగదీసింది చిన్నత్తే. మైనం గట్టిపడింది, కరిగింది, మళ్ళీ గట్టిపడింది. పాలిష్ అక్క తన పని ముగించుకుని, చెప్పులేసుకుని, టాటా చెప్పి వెళ్ళిపోయింది.

అన్నిటికంటే చివర దొరికింది గంట బొమ్మది. నిజానికి అది ఆఫీసు మీటింగుల కోసం పుట్టింది. ఉచితంగా వాడుకునేవాళ్ళకి కొంత గడువు ఉంటుంది, గడువు తీరగానే గంట మోగించి అందర్నీ బయటికి పంపించేస్తుంది. చిన్నత్త ఆ సంగతి చదివి, లాబ్‌లోనే కుర్చీలోంచి లేచి నిలబడిందట. ట్రంకాల్ ఆవిడ మళ్ళీ పుట్టింది!

మొదటి రోజు పెద్దత్త పక్కింటి కుక్క గురించి చెబుతోంది. "అది వచ్చి సరిగ్గా మన గుమ్మం ముందు..." అంటుండగా గంట మోగింది. తెర నల్లబడింది. చిన్నత్త గరిట చేతబట్టుకుని కుర్చీతో సహా గుండ్రంగా తిరిగింది. పాలిష్ అక్క చక్రం ఆపి చప్పట్లు కొట్టింది.

ఆ రోజుల్లో చిన్నత్త చేసిన సెట్లు చూడాలి! వరస తప్పని పళ్ళు, ముత్యాల్లాంటి పళ్ళు. ఓనరమ్మ ఒక సెట్టుని కిటికీ దగ్గర పట్టుకుని, ఏమీ అనకుండా తల ఊపి వెళ్ళింది. ఆవిడ తల ఊపడమంటే ఇతరులు సన్మానం చేయడంతో సమానం. అక్కతో కూడా ప్రేమ పెరిగింది. కుక్క ఏం చేసిందో తెలుసుకోవాలని మర్నాటికోసం ఆత్రంగా ఉండేది.

సరిగ్గా అప్పుడే చిన్నత్త పుట్టినరోజు వచ్చింది. పెద్దత్త పొద్దున్నే ఫోను చేసింది. గొంతులో ఉత్సాహం ఉరకలేస్తోంది.

"ఏమిచ్చానో చెప్పుకో!"

"ఏంటక్కా?"

"మనం మాట్లాడుకుంటుంటే ఆ గంటముండ అడ్డొస్తోందిగా. నువ్వు పైకి అనవు గానీ, ఎంత బాధపడుతున్నావో నాకు తెలీదా? ఆ కంపెనీకి ఏడాది చందా కట్టేశాను. ఇక గడువూ లేదు, గంటా లేదు. హాయిగా మాట్లాడుకోవచ్చు!"

చిన్నత్త కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆనందం వల్లనే అనుకుని పెద్దత్త కూడా కళ్ళు తుడుచుకుంది.

ఇంతలో అసలు పరీక్ష వచ్చి పడింది. బ్యాండులో ట్రంపెట్ ఊదే ఒకాయనకి పైవరస సెట్టు కావాలి. ట్రంపెట్ ఊదేవాళ్ళకి పెదవి ఆనేది ముందుపళ్ళ మీదే. అవి వెంట్రుకవాసి ముందుకొచ్చినా, వెనక్కెళ్ళినా సంగీతం బదులు గాలి వస్తుంది. ఓనరమ్మ ఆ అచ్చు తెచ్చి కిటికీ బల్లమీద పెట్టింది.

"మధ్యాహ్నం ఆయనే వస్తున్నారు, మైనం మీద సరిచూసుకోవడానికి. ఇది కుదిరితే బల్ల నీదే. కుదరకపోతే నేను వేరే చెప్పక్కర్లేదు."

చిన్నత్త పొద్దుటినుంచీ తల ఎత్తలేదు. భోజనం మానేసింది. మధ్యాహ్నానికి అన్ని పళ్ళూ నిలబడ్డాయి. ముందువి రెండే మిగిలాయి. ఎడమచేత్తో అచ్చు పట్టుకుని, కుడిచేత్తో మొదటిది మైనంలోకి దించింది. వేలు దానిమీదే ఉంది. సరిగ్గా అప్పుడు గంట బొమ్మ మోగింది. ఎత్తకపోతే బంధువులంతా మెట్లమీదికొస్తారని తెలిసిన పాలిష్ అక్క తనే ఎత్తి, ఫోనుని మైనం డబ్బాకి ఆనించి నిలబెట్టింది.

"ఏంటే, తల దించుకున్నావ్? అలిగావా?" అంది పెద్దత్త.

చిన్నత్త పెదవులు కదలకుండా మాట్లాడింది. "అక్కా. రెండు చేతులూ ఖాళీ లేవు. ఈ పన్ను కదిలితే నా ఉద్యోగం పోతుంది. కాల్ పెట్టెయ్యక్కా."

అనేసింది! వంశంలో ఎవరూ అనని మాట. పాలిష్ అక్క చేతిలోని సెట్టు జారి ఒళ్ళో పడింది. పెద్దత్త మొహం తెరకి దగ్గరగా వచ్చింది. ఇక అయిపోయింది, జన్మలో మాట్లాడదు అనుకుంది చిన్నత్త.

"అదెలాగే?" అంది పెద్దత్త నెమ్మదిగా.

"ఏది ఎలాగ?"

"పెట్టేయడం. నాకు రాదే."

పెద్దత్తకి నిజంగానే రాదు. అందరికంటే పెద్దది కాబట్టి ఇంట్లోవాళ్ళు పెట్టేయరు, బయటివాళ్ళు వాళ్ళే పెట్టేస్తారు. ఇన్నేళ్ళుగా ఆవిడ ప్రతి కాల్ చివరా, అవతలివాళ్ళు ఎప్పుడు వెళ్తారా అని మర్యాదగా కూర్చుని, వాళ్ళు వెళ్ళడంలేదు కదాని పాపం మాట్లాడుతూనే ఉంది.

"కింద ఎర్రది ఉంటుంది, నొక్కు."

"ఏ ఎర్రదీ లేదు. నీ మొహమే ఉంది."

"తెర మీద తాకితే వస్తుంది."

"ఎక్కడ తాకను?"

"నా మొహం మీదే!"

"కన్ను పొడుచుకుంటుందేమోనే!"

"పొడుచుకోదక్కా, నొక్కు!"

పెద్దత్త నొక్కింది. ఆవిడ నెత్తిమీద కుందేలు చెవులు మొలిచాయి. డ్రిల్లు టీచరు గంభీరవదనం అలాగే ఉంది, పైన గులాబీరంగు చెవులు ఊగుతున్నాయి.

"పోయిందా?" అంది కుందేలు.

పాలిష్ అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. చిన్నత్త భుజాలు కదలడం మొదలైంది. వేలు మాత్రం కదల్లేదు. పెద్దత్త ఇంకోటి నొక్కింది. వెనక వంటగది మాయమై సముద్రం వచ్చింది. ఇంకోటి నొక్కితే మీసం వచ్చింది.

"ఎవరే ఈ మీసాలాయన? మన తమ్ముడేమైనా కాల్‌లోకొచ్చాడా?"

"అది నువ్వే అక్కా!" చిన్నత్త కళ్ళలోంచి నీళ్ళు జలజలా కారుతున్నాయి. ఊపిరి బిగబట్టి, మెడదాకా ఎర్రబడి, నడుం పైనంతా ప్లాస్టర్ యంత్రంలా వణుకుతోంది. మోచేతినుంచి కిందికి మాత్రం శిలావిగ్రహం.

తలుపు తెరుచుకుంది. ఓనరమ్మ, వెనకే ట్రంపెట్ ఆయన. ఆయన ముందు ఏడుస్తున్న టెక్నీషియన్నీ, బల్లకింద దొర్లుతున్న పాలిష్ అక్కనీ, తర్వాత సముద్రతీరంలో నిలబడి తనవైపు తీక్షణంగా చూస్తున్న మీసాల కుందేలునీ చూశాడు. ఆయనకి పైవరస లేదు గదా, నవ్వు విజిల్‌లా వచ్చింది.

ఆ విజిల్ వినగానే పెద్దత్తలో ఉద్యోగధర్మం మేల్కొంది. "ఎవరది ఈల వేసింది? లైన్లో నిలబడు!" అని గర్జించి, వేలు ఎత్తి, గట్టిగా ఎక్కడో నొక్కింది.

తెర నల్లబడింది. మైనం గట్టిపడింది. చిన్నత్త వేలు తీసింది. పన్ను నిటారుగా నిలబడి ఉంది. రెండోది కూడా దించి, గట్టిపడ్డాక అచ్చు ఓనరమ్మ చేతికిచ్చింది. ఆయన పైవరస పెట్టుకుని, పెదవులు బిగించి, ట్రంపెట్ లేకుండానే బుగ్గలు పూరించి చూసుకున్నాడు. అద్దంలో పక్కకి తిరిగి చూసుకున్నాడు. గాలి ఎక్కడా పోలేదు.

ఓనరమ్మ తల ఊపింది. కిటికీ బల్ల చిన్నత్తదైంది.

పెద్దత్తకి ఆ ఎర్ర మీట భలే నచ్చింది. మా నాన్న యోగక్షేమాలు అడుగుతుండగా ఒకసారి నొక్కి చూసింది. బాబాయి తన మోకాళ్ళ నొప్పి గురించి చెబుతుండగా ఇంకోసారి నొక్కింది. ఎంతో ప్రశాంతంగా ఉందట. ఇప్పుడు పొద్దున పార్కులో పెద్దవాళ్ళ చేత డ్రిల్లు చేయిస్తోంది, మధ్యాహ్నం కాసేపు పడుకుంటోంది.

ఈమధ్య మధ్యాహ్నం ఫోను చేస్తున్నది చిన్నత్త. పెద్దత్త ఎత్తి, "పడుకున్నా" అని పెట్టేస్తోంది.